గ్రాఫిక్స్ కార్డు వేడి, 8,500 రూపాయల కూలర్, మా చెల్లె అడిగిన మాట

పోస్టు పెద్దగుంది. తీరికున్నప్పుడు చదవండి. ఎండాకాలం రాకముందే చదివితే ఇంకా మంచిది. ఇప్పుడు మన పిల్లల్లో చాలామంది వీడియో ఎడిటింగ్ చేస్తున్నరు, కొందరు గేమ్స్ ఆడుతున్నరు, ఇద్దరు ముగ్గురు బొమ్మలు కదిలించే పని కూడా నేర్చుకుంటున్నరు. అందరం పైస పైస కూడబెట్టి సెకండ్ హ్యాండ్ సామాన్లు కొన్నోళ్ళమే. అందుకే నాకు జరిగింది మీకు జరగొద్దని రాస్తున్న.

మాది ఉట్నూర్ దగ్గర ఒక గూడెం. డిగ్రీ అయినంక ఊర్లెనే ఉండి పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తున్న. పోయినేడు ఏప్రిల్ల ఒక పెళ్ళి పని ఒప్పుకున్న. వీడియో ముందర వచ్చే పేర్ల యానిమేషన్ బ్లెండర్‌ల చేసిన. జనవరిల అసొంటి పనే 40 నిమిషాల్ల రెండర్ అయింది. ఆ రాత్రి 58 నిమిషాలైనా కాలేదు. ఫ్యాన్లు జొన్నచేన్ల పిట్టల్ని కొట్టే డబ్బా లెక్క మోగుతున్నయి. ఇంతల స్క్రీన్ నల్లగైంది. కంప్యూటర్ దానంతట అదే రీస్టార్ట్ అయింది. మళ్ళ పెట్టిన, మళ్ళ పోయింది. రాత్రి రెండు గంటలు. పొద్దుగాల వాళ్ళు పెన్ డ్రైవ్ కోసం వస్తరు. చేతులు వణికినయి, అబద్ధం చెప్పను.

నాది ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ. హైదరాబాద్‌ల ఒకాయన దగ్గర 17,500కు తీసుకున్న. ఆ పైసలు ఎట్ల వచ్చినయో మీకు చెప్పే పని లేదు. రెండు సీజన్ల పెళ్ళి పనులు, కొంత బాపు పత్తి పైసలు. కార్డు పోయిందంటే నా పని పోయినట్టే.

తెల్లారి డిగ్రీ దోస్తులకు ఫోన్ చేసిన. ఒకడు, "ఏంరా, కట్టెల పొయ్యి పక్కన పెట్టినవా?" అని నవ్విండు. నవ్వితే నవ్విండు గని, వాని మాటల సగం నిజమున్నదని తర్వాత తెలిసింది. ఇంకొకడు, "లిక్విడ్ కూలింగ్ పెట్టించు, ఒక్కసారి పెడితే మళ్ళ చూసే పని లేదు" అన్నడు. లింకు కూడా పంపిండు. 8,500 రూపాయలు. నీలం లైట్లు తిరుగుతున్నయి, చూస్తనే చల్లగ అనిపిస్తది.

నా ఖాతాల అప్పుడు 10,000 ఉన్నయి. అవి నావి కావు. మా చెల్లె నర్సింగ్ అడ్మిషన్ కోసం బాపు నా ఫోన్ల వేసిన పైసలు. ఇంక వారం టైమున్నది. వారంల పెళ్ళోళ్ళు ఇచ్చే పైసలతోని నింపేస్త అనుకున్న. చెల్లెకు చెప్పకుండ కొనుడు మనసు రాక, ఫోన్ చూపిచ్చి "గిది తీసుకుంటే కార్డు బాగైతది" అన్న. అది బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది.

"అన్నా, ఇది ఎక్కడ బిగిస్తరు?" అన్నది.

నేను నోరు తెరిచి ఆగిపోయిన. ఎక్కడ బిగిస్తరో నాకు తెల్వదు. మళ్ళ పేజీ మొత్తం చదివిన. అది ప్రాసెసర్‌కు పెట్టే కూలర్. గ్రాఫిక్స్ కార్డుకు దాన్ని నేరుగా బిగించరాదు. కార్డుకు లిక్విడ్ కూలింగ్ కావాలంటే ఆ మోడల్‌కు సరిపోయే బ్లాకు వేరే ఉంటది, లేకపోతే వేరే బ్రాకెట్ కావాలె, మెమరీ చిప్పులకు మళ్ళ వేరే చూసుకోవాలె. అంటే చెల్లె అడ్మిషన్ పైసలు పెట్టి, నా కార్డుకు తగలని సామాను కొనబోయిన. ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు జల్లుమంటది.

పెళ్ళోళ్ళకు రెండు రోజులు టైమ్ అడిగిన. కొద్దిగ కోపం చేసిన్రు గని ఒప్పుకున్నరు. అప్పుడు కూసుండి అసలు వేడి ఎక్కడ ఆగుతున్నదో చూద్దామనుకున్న.

ముందు కొలువాలె

మొదలు చేసిన ఖర్చు 200 రూపాయలు. గోడకు పెట్టే థర్మామీటర్. కంప్యూటర్‌ల జీపీయూ-జెడ్, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అని రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు వేసుకున్న. ఒక నోటుబుక్కు పెట్టుకున్న. ప్రతిసారి అదే రెండర్ 15 నిమిషాలు నడిపి ఐదు అంకెలు రాసిన. గది వేడి, కార్డు వేడి, హాట్‌స్పాట్ వేడి, కార్డు వేగం, ఫ్యాన్ వేగం.

కార్డు వేడి అంటే చిప్పు మీద ఒక దిక్కు కొలిచిన వేడి. హాట్‌స్పాట్ అంటే చిప్పు మీద ఉన్న సెన్సార్లల్ల అన్నిటికంటే ఎక్కువ చూపిచ్చే వేడి. ఈ రెండింటికి పది, పదిహేను డిగ్రీలు తేడా ఉంటే మామూలే. ఇరవై దాటి పోతుంటే లోపల పేస్టు ఎండిపోయిందనో, హీట్‌సింక్ చిప్పుకు సరిగ ఆనలేదనో అనుమానపడాలె.

నా మొదటి లెక్క ఇది. గది 39. కార్డు 85. హాట్‌స్పాట్ 108. వేగం 1850 మెగాహెర్ట్జ్ ఉండాల్సింది 1350కి పడిపోయింది.

ఈ వేగం పడుడే అసలు గుట్టు. 3060కి ఎన్‌విడియా చెప్పిన గరిష్ఠ వేడి 93 డిగ్రీలు. కాని అక్కడిదాకా పోకముందే, 83 చుట్టుపక్కలకే, కార్డు తనను తాను కాపాడుకునేతందుకు వేగం తగ్గించుకుంటది. మనిషి ఎండల పనిచేసి చేసి చెట్టుకింద కూసున్నట్టు. అందుకే 40 నిమిషాల పని గంట దాటబోయింది. మీ కంప్యూటర్ ఎండాకాలం నెమ్మదైతే "పాతదైంది" అని వదిలేయకండి, ఒకసారి ఈ అంకెలు చూడండి.

ఇంకో సంగతి. 85 అన్న అంకె ఒక్కటే చూస్తే ఏం తెల్వది. గది 39 ఉన్నప్పుడు 85 అంటే గది కంటే 46 డిగ్రీలు ఎక్కువ. మన ఆదిలాబాద్ దిక్కు జనవరి రాత్రులు పది డిగ్రీల లోపలికి పోతయి, మే నెలల 44, 45 కూడా చూస్తం. అదే కార్డు, అదే పని, చలికాలం అంతా బాగే ఉన్నట్టు కనిపిస్తది. రోగం అప్పుడు కూడా ఉన్నది, చలి దాన్ని కప్పిపెట్టింది. అందుకే గది వేడి తీసేసి మిగిలిన తేడా రాసుకోవాలె. ఆ తేడానే మన చేతుల ఉన్నది.

వేడి పోయే దారి

ఈ కార్డు పూర్తిగ పనిచేస్తే 170 వాట్ల కరెంటు తింటది. ఆ కరెంటు మొత్తం చివరికి వేడే అయితది. ఏ కూలరూ వేడిని మాయం చేయదు. ఒక దగ్గరి నుంచి ఇంకో దగ్గరికి పంపిస్తది, అంతే. చిప్పు నుంచి పేస్టుకు, పేస్టు నుంచి రాగి గొట్టాలకు, అక్కడి నుంచి అల్యూమినియం రెక్కలకు, రెక్కల నుంచి ఫ్యాన్ గాలికి, ఆ గాలి డబ్బా నుంచి గదిలకు, గది నుంచి బయటకు.

పొలంల నీళ్ళు పారిచ్చినోళ్ళకు ఇది ఎరుకే. మడవలు వరుసగ ఉంటయి. ఒక్క మడవ పూడిపోతే కింద ఎంత వెడల్పు చేసినా నీళ్ళు రావు. పూడింది ఎక్కడనో చూడకుండ పెద్ద మోటారు కొంటే ఏం లాభం? నేను కొనబోయిన కూలర్ అసొంటి మోటారే.

ఏ మడవ పూడిందో తెలుసుకునేతందుకు మూడు పరీక్షలు చేసిన, మూడింటికీ రూపాయి ఖర్చు లేదు. ఒకటి, కంప్యూటర్ డబ్బా పక్క తలుపు తీసి అదే రెండర్ నడిపిన. వేగం వెంటనే 1500 దాటింది. అంటే డబ్బాల గాలి ఆడుతలేదు. రెండు, హాట్‌స్పాట్‌కు కార్డుకు తేడా 23. అంటే పేస్టు మీద అనుమానం. మూడు, గది తలుపు మూసి గంట రెండర్ నడిపితే గోడ థర్మామీటర్ 39 నుంచి 41కి ఎక్కింది. అంటే గది కూడా పూడిన మడవనే. దుమ్ము రావద్దని నేనే తలుపు మూసి పెట్టేటోన్ని.

దుమ్ము

కరెంటు తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, చేతిని ఇనుప డబ్బాకు ఆనిచ్చి అప్పుడు కార్డు తీసిన. ఒంట్ల స్టాటిక్ కరెంటు చిప్పులకు తగలకుండ ఇట్ల చేయాలె. టార్చ్ వేసి చూస్తే అల్యూమినియం రెక్కల నడుమ తెల్లటి దూది. పత్తి! ఏరిన పత్తి అమ్మేదాక మనం ఇంట్లనే కుప్ప పోస్తం కదా. నా కంప్యూటర్ గది గోడ అవతలనే ఆ కుప్ప ఉండె. దాని నూగంతా ఫ్యాన్లు పీల్చినయి. దాని మీద పొయ్యి పొగ జిడ్డు పట్టి తోలు లెక్క అయింది. నా దోస్తు నవ్విన మాటల సగం నిజమంటే ఇదే.

60 రూపాయల మెత్తటి బ్రష్‌తోని దులిపిన, సైకిల్ పంపుతోని ఊదిన. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితోని పట్టుకోవాలె. లేకపోతే అది గిర్రున తిరిగి బేరింగ్ పాడైతది. తడిబట్ట పెట్టొద్దు.

మళ్ళ నడిపి చూస్తే కార్డు 83. రెండే డిగ్రీలు తగ్గింది. మస్తు నిరాశైంది. నోటుబుక్కు చూస్తే వేగం 1350 నుంచి 1600కి ఎక్కింది. అప్పుడు అర్థమైంది. వేడికి భయపడి తగ్గించుకున్న వేగాన్ని కార్డు ముందుగాల వాపస్ తీసుకుంటది, ఆ తర్వాతనే డిగ్రీలు దిగుతయి. వేడి ఒక్కటే చూస్తే బాగైతలేదని ఆపేసేటోన్ని. రెండూ చూడాలె.

డబ్బాల గాలి

నా డబ్బా ముందర అద్దం. చూసేతందుకు మంచిగుంటది, గాలి రాదు. ఇంకొకటి చెప్తే నవ్వుతరు. వెనక ఫ్యాన్ నేనే ఉల్టా బిగించిన. గాలి బయటకు పంపాల్సింది లోపలికి పీలుస్తున్నది. ఏడాది నుంచి గట్లనే ఉన్నది. ఫ్యాన్ చూస్తే ఒక దిక్కు మోటారును పట్టుకునే పుల్లలు ఉంటయి. ఆ పుల్లల దిక్కుకే గాలి పోతది. అనుమానముంటే ఊదుబత్తి ముట్టించి డబ్బా బయట దగ్గర పట్టండి, పొగ ఎటు పోతే గాలి అటు.

అద్దం తీసేసిన. 450 చొప్పున రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ముందర పెట్టిన, వెనకది సరిచేసిన. ముందర నుంచి రావాలె, వెనక నుంచి, పై నుంచి పోవాలె. లోపలికి వచ్చే గాలి పోయే గాలి కంటే కొంచెం ఎక్కువుంటే సందుల నుంచి దుమ్ము తక్కువ వస్తది. ముందర సన్నటి జాలి పెట్టిన, పదిహేను రోజులకోసారి కడుగుతున్న. జాలి మరీ దగ్గర నేతది పెడితే గాలే ఆగిపోతది, అది చూసుకోండి.

ఇప్పుడు కార్డు 79, వేగం 1800.

పేస్టు

దీనికి భయపడ్డ. 17,500 రూపాయల వస్తువును విప్పుడంటే మాటలా? వారంటీ ఉన్న కార్డైతే విప్పకండి, ముందు కంపెనీకే పంపండి. నాది సెకండ్ హ్యాండ్, వారంటీ అయిపోయింది కాబట్టి విప్పిన.

ప్రతి స్క్రూ తీసేముందు ఫోటో తీసుకున్న. స్క్రూలు తెల్లకాగితం మీద ఏది ఎక్కడిదో అట్లనే పేర్చిన. హీట్‌సింక్‌ను గుంజొద్దు. పది నిమిషాలు కార్డు నడిపి వెచ్చగ అయినంక తీస్తే ఎండిన పేస్టు మెత్తబడి తేలికగ వస్తది. ఫ్యాన్ వైర్లు చిన్న పిన్నులతోని బోర్డుకు ఉంటయి, వాటిని చూసుకోకుండ పైకి లేపితే తెగుతయి.

పాత పేస్టు ఎండిన బంకమట్టి లెక్క పగిలి ఉన్నది. చిప్పు నడుమ ఒక దిక్కు అసలు పేస్టే లేదు. హాట్‌స్పాట్ 108 ఎందుకొచ్చిందో అక్కడ కళ్ళార చూసిన.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 250 పెట్టి తెచ్చిన, దానితోని తుడిచిన. ఊర్లె కొందరు అత్తరు, స్ప్రిట్, పెట్రోల్ అంటరు, అవి వద్దు. కొత్త పేస్టు ఆర్కిటిక్ ఎంఎక్స్-4, 550 రూపాయలు. కరెంటు పారని పేస్టు కాబట్టి కొత్తోళ్ళకు భయం తక్కువ. యూట్యూబ్‌ల లిక్విడ్ మెటల్ చూసి మోజు పడకండి. దానిల గాలియం ఉంటది, అల్యూమినియాన్ని తినేస్తది, పక్కకు కారితే షార్ట్ అయితది. టూత్‌పేస్టు పెట్టొచ్చని చెప్పేటోళ్ళు కూడా ఉన్నరు. రెండు రోజులు పనిచేసినట్టే ఉంటది, ఎండంగనే మళ్ళ మొదటికొస్తది.

మెమరీ చిప్పుల మీద మెత్తటి ప్యాడ్లు ఉంటయి. అవి చినగకపోతే అట్లనే ఉంచండి. నాది ఒక్కటి మూలకు చినిగింది. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. మన గ్రూపుల ఉన్న ఒక అన్న ఫోన్ల చెప్పిండు: "తమ్మీ, మందం కొలిచి అదే మందం పెట్టు. లావుది పెడితే హీట్‌సింక్ పైకి లేస్తది, చిప్పుకు ఆనది. సన్నది పెడితే మెమరీకి ఆనది." చినిగిన ముక్కలు రెండూ చిప్పు మీద సరిగ ఆనేటట్టు కలిపి పెట్టుమన్నడు. అట్లనే పెట్టిన, పనిచేసింది.

చిప్పు చుట్టు ఉన్న నాలుగు స్క్రూలు ఒకటే దిక్కు గట్టిగ తిప్పొద్దు. బండి టైరు బోల్టుల లెక్క ఎదురెదురు మూలలు కొంచెం కొంచెం బిగించాలె.

పెట్టి నడిపితే కార్డు 75, హాట్‌స్పాట్ 89. తేడా 23 నుంచి 14కు వచ్చింది. ఇంట్ల అందరినీ పిలిచి చూపిచ్చిన. మా అవ్వకు ఆ అంకెలు అర్థం కాలేదు గని, నేను నవ్వుతున్ననని నవ్వింది.

కరెంటు తగ్గించుడు

దీనికి రూపాయి ఖర్చు లేదు, నిజానికి మొదలు చేయాల్సిందే ఇది. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ల పవర్ లిమిట్ అని ఉంటది. 100 నుంచి 80కి తగ్గించిన. 170 వాట్లు 136 అయినయి. కార్డు 69కి దిగింది. రెండర్ 40 నిమిషాలది 42 అయింది. రెండు నిమిషాలు పోయినయి, ఆరు డిగ్రీలు వచ్చినయి. చివర్ల దొరికే ఆ కొద్దిపాటి వేగం కోసమే కార్డు ఎక్కువ కరెంటు తింటది, అందుకే కరెంటు తగ్గించినంత వేగం తగ్గది. మీకు ఇవాళ కార్డు ఇబ్బంది పెడుతుంటే, ఇప్పుడే ఈ ఒక్కటి చేసి చూడండి.

అందుల్నే ఫ్యాన్ కర్వ్ కూడా పెట్టుకోవచ్చు, ఎంత వేడికి ఫ్యాన్ ఎంత తిరగాలో. ఒక మాట, చాలా కార్డుల్ల పని లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగ ఆగుతయి. అది చెడిపోవుడు కాదు.

గది

ఇంక మిగిలింది గది. నా గది రేకుల గది. మధ్యాహ్నం రేకు కాలి, రాత్రి పదింటిదాక ఆ వేడి కిందికి దిగుతనే ఉంటది. కంప్యూటర్ మొత్తం కలిపి 300 వాట్ల దాక తింటే, అంత చిన్న గదిల రాత్రంతా ఒక చిన్న హీటర్ పెట్టుకున్నట్టే.

ఒకనాడు ఊరికే ఆ థర్మామీటర్ పట్టుకొని తిరిగిన. మధ్యాహ్నం రేకుల గదిల 39. పక్కనే ఉన్న మా పాత పెంకుటింట్ల, మట్టిగోడల నడిమింట్ల 35. మా తాత కట్టిన ఇల్లు. రేకులిల్లు వేసినంక దాన్ని పత్తికి, ఎడ్ల సామాన్లకు వదిలేసినం. నేనైతే సిగ్గుపడి రేకుల గదిల ఆఫీసు పెట్టుకున్న. నాలుగు డిగ్రీలు ఆ పాత ఇంట్లనే ఉన్నయి, ఉచితంగ.

బాపుతోని మాట్లాడి పత్తిని రేకుల గదిలకు మార్చినం, కంప్యూటర్‌ను నడిమింట్లకు తెచ్చిన. పొయ్యి అవతలి దిక్కు ఉన్నది కాబట్టి పొగ రాదు. పెద్ద రెండర్లు తెల్లవారుజామున నాలుగింటికి పెడుతున్న. తలుపు తీసి పెడుతున్న.

మన దిక్కు ఎండాకాలం ప్రతి ఇంట్ల నీళ్ళ కూలర్ ఉంటది. గది చల్లబడేతందుకు మంచిదే. కాని దాని గాలి నేరుగ కంప్యూటర్ మీదికి పెట్టొద్దు. తడిగాలితోని దుమ్ము ముద్దలెక్క అతుక్కుంటది, తుంపర పడితే బోరు నీళ్ళ ఉప్పు బోర్డు మీద మిగులుతది. కూలర్ ఒక దిక్కు, కంప్యూటర్ ఇంకో దిక్కు, కిటికీ తెరిచి ఉండాలె.

మరి కూలర్ ఎప్పుడు కొనాలె?

కొనొద్దని చెప్తలేను. ఇవన్నీ చేసినంక కూడా గది కంటే తేడా బాగా ఎక్కువుంటే అప్పుడు ఆలోచించండి. మొదలు డబ్బా ఫ్యాన్లు, అన్నిటికంటే తక్కువ ఖర్చుకు ఎక్కువ లాభం. తర్వాత, కార్డు సొంత ఫ్యాన్లు అరిగి గరగర అంటుంటే అదే మోడల్ ఫ్యాన్లు విడిగ దొరుకుతయి. కొందరు ఆ ప్లాస్టిక్ కవర్ తీసి రెక్కల మీదనే రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు కడుతరు, అది కూడా పనిచేస్తది, చప్పుడు తక్కువ. లిక్విడ్ అన్నిటికంటే చివర. 300 వాట్లు దాటే పెద్ద కార్డులకు దాని లాభం కనిపిస్తది. 170 వాట్ల కార్డుకు మంచి గాలి చాలు. లిక్విడ్ పెట్టినా కార్డు గది కంటే చల్లగ కాదు, ఆ వేడి మళ్ళ అదే గదిల పడుతది.

కొత్తగ కార్డు కొనేటోళ్ళు హీట్‌సింక్ మందం చూడండి, మీ డబ్బాల పట్టే పొడుగు కొలుచుకోండి. డబ్బా మరీ ఇరుకుంటే వెనక నుంచి వేడి బయటకు ఊదే బ్లోయర్ రకం నయం, చప్పుడు మాత్రం ఎక్కువ. సెకండ్ హ్యాండ్ అయితే ఇంకో సంగతి. 2022 సెప్టెంబర్‌ల ఇథీరియం పద్ధతి మారినంక దాన్ని గ్రాఫిక్స్ కార్డులతోని తవ్వుడు ఆగిపోయింది, రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు పాత మార్కెట్‌కు వచ్చినయి. అవన్నీ చెడ్డవని కాదు. పైసలు ఇచ్చేముందు అరగంట లోడ్ పెట్టి హాట్‌స్పాట్ చూపియ్యమనండి. చూపియ్యనంటే వాపస్ రండి.

ల్యాప్‌టాప్ ఉన్నోళ్ళు ఎక్కువ కాబట్టి వాళ్ళకు కూడా ఒక మాట. బొంత మీద, పరుపు మీద పెట్టి ఆడకండి, గాలి కింది నుంచే పీలుస్తది. వెనక దిక్కు రెండు వేళ్ళంత ఎత్తు పెట్టండి, రెండు చెక్క ముక్కలు చాలు. ఆటల్ల ఫ్రేములు 60కి కట్టేయండి. ఏడాదికోసారి ఫ్యాన్ దుమ్ము తీయించండి.

చివరి లెక్క. మొదలు గది 39, కార్డు 85, హాట్‌స్పాట్ 108. ఇప్పుడు నడిమింట్ల గది 35, కార్డు 65, హాట్‌స్పాట్ 77. గది కంటే తేడా 46 ఉండె, 30 అయింది. దిగిన 20 డిగ్రీల్ల నాలుగు మా తాత ఇంటివి. ఖర్చు: థర్మామీటర్ 200, బ్రష్ 60, ఫ్యాన్లు 900, ఆల్కహాల్ 250, పేస్టు 550. మొత్తం 1,960. ఇది కూడ చెల్లె పైసల్ల నుంచే తీసిన, దానికి చెప్పే తీసిన. పెళ్ళోళ్ళు మూడో రోజు పైసలిచ్చిన్రు, అదే రోజు వాపస్ వేసిన. అడ్మిషన్ టైముకు అయింది. ఇప్పుడు అది మొదటి సంవత్సరం.

పోయిన వారం ఫోన్ చేసింది. హాస్టల్ల దాని దోస్తు ల్యాప్‌టాప్ కాలిపోతున్నదట, కూలింగ్ ప్యాడ్ కొందామని చూస్తున్నరట. "నువ్వేం చెప్పినవ్?" అన్న. "ముందు కింద దుమ్ము చూడుమన్న, అన్నా" అన్నది.

థర్మామీటర్, స్క్రూడ్రైవర్లు, మిగిలిన పేస్టు నా దగ్గరనే ఉన్నయి. ఉట్నూర్, ఇంద్రవెల్లి, నార్నూర్ దిక్కోళ్ళు ఆదివారం వస్తే కలిసి విప్పుదాం. దూరమున్నోళ్ళు మీ కార్డు పేరు, గది వేడి, కార్డు వేడి, హాట్‌స్పాట్, ఈ నాలుగు రాసి పంపండి. ఏమైనా కొనేముందు పంపండి. అడిగేతందుకు సిగ్గుపడకండి, నేను ఏడాదిపాటు ఫ్యాన్ ఉల్టా పెట్టుకున్నోన్ని.

జోహార్.